ఒంటబట్టని మాత్ర

అండాశయపు కాన్సరు కడుపులోని పొరపై వ్యాపించి ప్రేవులను నొక్కివేయవచ్చును. 2014లో అమెరికాలోను ఐరోపాలోను అనుమతి పొందిన ఓలాపరిబ్ వంటి మందు ప్రేవులగుండా రక్తములో చేరిననే పనిచేయును. దారి మూసికొనిపోయినచో మ్రింగిన మాత్ర ఒంటబట్టదు. చిక్కేమన, ఆ మాత్రయే వికారమును, వాంతులను కలిగించును. అందుచే ఇంటివారు “మందు వేడిచేసినది” అని ఊరకుందురు. కడుపుబ్బి, నొప్పి తెరలుతెరలుగా వచ్చుచు, అపానవాయువైనను వెడలకున్నచో అది మందు వేడి కాదు. ఆముదము పట్టింపరాదు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మాత్ర వాంతిలో పోయినను మారుమాత్ర వేయరాదు. అప్పటికే ఎంత ఒంటబట్టినదో ఎవరెరుగుదురు? తరువాతి వేళకు వేయవలసినదే వేయవలెను. నూరి ఇచ్చుటయు తగదు. ప్రేవుల దారి తెరచుకొనువరకు మందు ఆపుటయా, వేరొక చికిత్సయా అనునది వైద్యుడు నిర్ణయించును.