మందుమొక్కకు విత్తు వేసినది ఎవరు?

జ్వరానికి తిప్పతీగ కషాయం, వేసవి తాపానికి సుగంధిపాల షర్బతు, పళ్లు తోముకొనుటకు ఉత్తరేణి పుల్ల, మూత్రపు మంటకు పల్లేరు కషాయం మన ఇండ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నవి. వీటి గుణాలను గురించి, మోతాదులను గురించి మీరు ఎంతో చదివి ఉంటారు. అయితే ఈ మొక్కలలో ఎక్కువ భాగాన్ని ఏ రైతూ విత్తలేదు, ఏ తోటమాలీ నీరు పోసి పెంచలేదు. మరి ఇవి మన దొడ్డిగోడ పక్కకు, చెరువుకట్ట మీదికి, అడవి అంచుకు ఎలా చేరినవి? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే, మందు అంగడిలోనో కల్వంలోనో మొదలు కాదని, ఒక పిట్ట ముక్కుతోనో ఒక నక్క నడకతోనో మొదలవుతుందని తెలుస్తుంది. గింజలను మోసే ఆ మోతగాళ్లను గురించి, వారు లేకపోతే మన గృహవైద్యానికి కలిగే లోటును గురించి ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

భూమిని బట్టి మొక్క, మొక్కను బట్టి మందు

చరక సంహిత కల్పస్థానంలో భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించారు. జాంగలమనగా గాలి ఎక్కువగా వీచే పొడినేల. అక్కడ రేగు, చండ్ర వంటి చెట్లు పెరుగుతాయి. ఆనూపమనగా నదులకు, సముద్రానికి దగ్గరగా ఉన్న తడినేల. అక్కడ కొబ్బరి, అరటి వంటివి ఉంటాయి. ఈ రెండింటి లక్షణాలు కలిసినది సాధారణం. ఇందులో విశేషమేమనగా, ప్రతి భూమికీ చెట్ల పేర్లతోపాటు అక్కడ తిరిగే పక్షుల పేర్లు కూడా గ్రంథకర్త చెప్పారు. నేల, నీరు, చెట్టు, పిట్ట అన్నీ కలిసి ఒక కుటుంబమన్న భావన ఆ వర్ణనలో కనిపిస్తుంది. నేటి వృక్షశాస్త్రజ్ఞులు దీనినే వృక్షసముదాయమని వ్యవహరిస్తున్నారు.

నేను నివసించే సూళ్లూరుపేట పరిసరాలు ఈ విభజనకు చక్కని ఉదాహరణ. ఇది పూర్వం నెల్లూరు జిల్లాలోని పట్టణం. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. పడమట మెట్టభూములు, ముళ్లపొదల చిట్టడవులు. తూర్పున పులికాట్ ఉప్పునీటి సరస్సు. దానికి ఆవల శ్రీహరికోట దీవి, ఆ తరువాత బంగాళాఖాతం. కొద్ది మైళ్ల దూరంలోనే పొడినేల, చిత్తడినేల, ఇసుక తీరం, దట్టమైన అడవి వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క నేలలో ఒక్కొక్క మొక్కల జట్టు. ఒక్కొక్క జట్టుకు వేరువేరు మోతగాళ్లు.

గింజ తల్లిని విడిచి ఎందుకు వెళ్లవలెను?

నేరేడు చెట్టు కింద రాలిన పండ్లను గమనించండి. వర్షాలు పడగానే వందలకొద్దీ మొలకలు వస్తాయి. మరుసటి సంవత్సరానికి వాటిలో మిగిలేవి బహు స్వల్పం. తల్లి నీడలో వెలుతురు చాలదు. వేళ్లకు నీరు అందదు. పైగా ఆ చెట్టును ఆశ్రయించిన పురుగులు, బూజులు మొలకలను కూడా పట్టుకుంటాయి. దూరంగా పడిన గింజ ఈ శత్రువుల నుండి తప్పించుకుంటుందని డేనియల్ జాన్జెన్ 1970లోను, జోసెఫ్ కానెల్ 1971లోను ప్రతిపాదించారు. అడవిలో ఒకే జాతి చెట్లు గుంపుగా నిండిపోకుండా, అనేక జాతులు కలిసి బ్రతకడానికి ఇది ఒక ముఖ్య కారణమని తరువాతి పరిశోధకులు ఎందరో భావించారు.

చెట్టుకు కాళ్లు లేవు. కనుక అది గాలిని, నీటిని, ప్రాణులను వాహనాలుగా చేసుకుంటుంది.

నాలుగు విధాల మోత

మొదటిది గాలి. సుగంధిపాల కాయలు సన్నగా, జంటలుగా ఉండి, ఎండి పగిలినప్పుడు వెండి వెంట్రుకల కుచ్చుతో గింజలు ఎగిరిపోతాయి. జిల్లేడు గింజ కూడా ఇటువంటిదే. సముద్రపు ఇసుకపై పెరిగే రావణాసురుని మీసాలు అనే గడ్డి మరింత చిత్రమైనది. ముళ్లబంతి వంటి దాని ఆడ పూగుత్తి మొత్తంగా ఊడి, గాలికి దొర్లుతూ గింజలను తీరమంతా చల్లుతుంది.

రెండవది నీరు. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల కేంద్రాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు. 1976లో రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడిన ఆ చెరువులో గూడబాతులు గూళ్లు కట్టేది నీటిలో నిలిచిన కడప చెట్ల మీద. సంస్కృతంలో హిజ్జలమని పేరుగల ఈ చెట్టు కాయలు నీటిపై తేలి, ఒడ్డు చేరి మొలుస్తాయి. ఇసుకను పట్టి నిలిపే బాలబంద తీగ గింజలు సముద్రపు నీటిలో కూడా తేలిపోతాయి. ఉప్పునీటిలో గింజ బ్రతుకుతుందా అన్న సందేహాన్ని చార్లెస్ డార్విన్ స్వయంగా పరీక్షించాడు. 87 జాతుల గింజలను 28 రోజులు ఉప్పునీటిలో నానబెట్టగా 64 జాతులు మొలకెత్తినవి.

మూడవది ప్రాణులు. వేపపండును గోరువంక, కాకి, పిగిలిపిట్ట, గబ్బిలం తింటాయి. గుజ్జు పోయి శుభ్రమైన గింజ మరొక చోట పడుతుంది. తిప్పతీగ ఎర్రని పండ్లు పక్షులను పిలవడానికే పండుతాయి. రేగుపండ్లను, ఈతపండ్లను నక్కలు ఇష్టంగా తిని, గింజలను దారిపొడుగునా విడుస్తాయి. తాటిచెట్టు మట్టల మధ్య మర్రిమొక్క మొలవడం మన పల్లెలలో నిత్యం కనిపించేదే. అది పిట్ట వేసిన విత్తు. ఉత్తరేణి తినడానికి ఏమీ ఇవ్వదు. దాని ముళ్ల గింజలు మన పంచెకు, చీర కుచ్చిళ్లకు అంటుకుని ఉచితంగా ప్రయాణం చేస్తాయి. పల్లేరు ముల్లు పశువుల గిట్టలలోను, మన చెప్పులలోను గుచ్చుకుని వెళుతుంది. నీటిపక్షుల కాలి బురద కూడా వాహనమే. ఒక కప్పులో పట్టేటంత కుంట బురదను డార్విన్ తన గదిలో ఉంచి, మొలిచిన ప్రతి మొక్కనూ పెరికి లెక్కించగా 537 మొక్కలు వచ్చినవి. పులికాట్ బురదలో వేలకొద్దీ పక్షులు ఒక చోటి నుండి మరొక చోటికి ఎగిరేటప్పుడు ఎన్ని గింజలు ప్రయాణిస్తాయో ఊహించండి.

నాలుగవది స్వశక్తి. నేల ఉసిరి కాయ ఎండగానే చిట్లి గింజలను విసురుతుంది. ఆముదపు కాయ కూడా పగిలి గింజను దూరంగా చిమ్ముతుంది. ఆముదపు గింజ కొనన ఉండే చిన్న కండను గమనించారా? అది చీమలకు ఆహారం. దాని కోసం చీమలు గింజను మోసుకుపోతాయి; కండను తిన్నాక గింజను విడిచిపెడతాయి.

మోత ఆగితే కలిగే నష్టం

శ్రీహరికోటలోని అడవి సామాన్యమైనది కాదు. 1968లో చాంపియన్, సేఠ్ అనే శాస్త్రజ్ఞులు ప్రచురించిన భారతదేశపు అడవుల వర్గీకరణలో దీనిని శుష్క సతతహరిత అరణ్యమని అన్నారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ, ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాల వాన. అయినా ఆకు రాల్చని చెట్లు. పాల, అల్లి, నేరేడు, చిల్ల, ముష్టి, పేము ఇక్కడి జట్టులోనివి. కోరమాండల్ తీరం పొడుగునా ఒకప్పుడు విస్తరించిన ఈ అడవి, సేద్యం, వంటచెరకు, ఊళ్ల పెరుగుదల వలన నేడు చిన్నచిన్న తునకలుగా మాత్రమే మిగిలినది. శ్రీహరికోట నుండి కూడా ఒకప్పుడు మదరాసు నగరానికి వంటచెరకు తరలిపోయేది. 1971 నుండి రాకెట్ ప్రయోగ కేంద్రం పని చేస్తూ ఉండుటచేత దీవిలో రాకపోకలపై కట్టుబాటు ఏర్పడి, అడవిలో కొంత నిలిచినది. తరతరాలుగా అక్కడ నివసించిన యానాదులకు ఇక్కడి వేరు, ఆకు, తేనెల గుణాలు కరతలామలకం.

ఈ రకపు అడవులలో చాలా చెట్లకు కండగల పండ్లుంటాయి. అనగా వాటి గింజలు పక్షులు, జంతువుల మీద ఆధారపడినవి. తమిళనాడు తీరంలోని కోడియక్కరై అడవిలో క్షీరదాలు గింజలను మోసే తీరుపై 1993లో ఒక పరిశోధన వెలువడినది. అడవి తునకలై, నక్క, పునుగుపిల్లి, గబ్బిలం దూరమైతే చెట్టు బ్రతికే ఉంటుంది, పూస్తుంది, కాస్తుంది. కాని దాని సంతానం మరొక చోటికి పోదు. పైకి పచ్చగా కనిపించే అటువంటి అడవి సంతానం లేని వృద్ధుల ఇల్లు వంటిది.

ఖాళీ అయిన చోటును మరొకటి ఆక్రమిస్తుంది. అమెరికా ఖండపు సర్కారు తుమ్మను వంటచెరకు కోసం 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మేకలు, పశువులు దాని తీయని కాయలను తిని గట్టి గింజలను పేడతో పాటు దూరదూరాలకు చేర్చినవి. నేడు రాయలసీమ బీళ్లు మొదలుకొని సముద్రతీరం వరకు అది వ్యాపించి ఉన్నది. మోతగాళ్లకు మంచి చెడ్డల విచక్షణ లేదు; మనం ఏ చెట్టును మిగిల్చితే దానినే వారు నాటుతారు.

శాస్త్రం చెప్పిన కాలనియమం

చరకుడు కల్పస్థానంలోనే మందుల సేకరణకు కాలాన్ని విధించాడు. లేత కొమ్మలు, ఆకులు వర్ష, వసంత ఋతువులలో, బెరడు, దుంప, పాలు శరత్తులో, చేవ హేమంతంలో, పూలు, పండ్లు వాటి వాటి ఋతువులలో. వేళ్లను మాత్రం ఆకు రాలిన లేక ముదిరిన తరువాత, గ్రీష్మంలో గాని శిశిరంలో గాని తీయవలెనని చెప్పాడు. ఔషధగుణం వేరులో నిండుగా ఉండే సమయమని దీనికి వైద్యులు అర్థం చెబుతారు. నాకు ఇందులో మరొక ప్రయోజనం కూడా కనిపిస్తున్నది. ఆకు ముదిరి రాలే వేళకు చాలా మొక్కలు గింజలను లోకానికి అప్పగించి ఉంటాయి. అప్పుడు వేరు తీసినా వంశం నిలుస్తుంది. కాయ పగలకముందే సుగంధిపాలను పెకలిస్తే ఒక మొక్కతోపాటు దాని రాబోయే తరాన్ని కూడా పెకలించినట్లే.

గృహస్థులు చేయదగినవి

1. సుగంధిపాల వేరును తీసేటప్పుడు కాయలు పగిలి గింజలు ఎగిరిన తరువాతనే తీయవలెను. వేరులో కొంత భాగాన్ని భూమిలోనే విడిచిపెట్టవలెను. ఇంటి వాడకానికి ఒక తీగను పెద్ద కుండీలో పెంచుకొనుట ఉత్తమం.

2. వేప, నేరేడు గింజలు నిలువ ఉండవు. కొద్ది వారాలలోనే మొలిచే శక్తిని కోల్పోతాయి. పండు తిన్న వెంటనే గింజ కడిగి నాటవలెను. చూర్ణం కొరకు కావలసినన్ని ఉంచుకుని మిగిలినవి భూమికి ఇవ్వండి. నేరేడు గింజల చూర్ణం వాడే మధుమేహ రోగులు వైద్యుడిచ్చిన మందును ఎంతమాత్రం మానరాదు.

3. వినాయక చవితి పత్రికి ఉత్తరేణి ఆకులను, రెమ్మలను మాత్రమే కోయవలెను. మొక్కను వేరుతో పీకరాదు.

4. బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను మట్టికుండ లోపలి అంచున అరగదీసి నీరు పోసే ఆచారం మంచిదే. కొన్ని గంటలలో మడ్డి అడుగుకు దిగుతుంది. అయితే తేరిన నీటిలో కూడా సూక్ష్మక్రిములు ఉండవచ్చును కనుక కాచి చల్లార్చి త్రాగవలెను. చిల్లకు దగ్గరి బంధువైన ముష్టిగింజ ప్రాణాంతక విషం. ఇంట్లో దానిని ముట్టరాదు.

5. తిప్పతీగను నెలల తరబడి సొంతంగా వాడరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా అసలే వాడరాదు.

6. దొడ్డిలో ఒక మూలను ఊడ్చి, కలుపు తీయకుండా విడిచిపెట్టండి. చెట్టున ఉన్న పండ్లలో నాలుగవ వంతు పిట్టలకు ఉంచండి. సర్కారు తుమ్మ మొలక కనిపిస్తే మాత్రం లేతగా ఉన్నప్పుడే వేరుతో తీసివేయండి.

మందును పుచ్చుకునేటప్పుడు వైద్యునికి నమస్కరించడం మన సంప్రదాయం. ఇకమీదట తిప్పతీగను కోసేటప్పుడు గోడమీది గోరువంకను కూడా ఒకసారి తలచుకోండి. వచ్చే తరం కషాయానికి విత్తు వేసేది అదే.