గడప దాటిన పొగ

మన తెలంగాణ ఊళ్లలో పొగ తాగడానికీ ఒక మర్యాద ఉంది. పెద్దవంగరలోనైనా, తొర్రూరు, కొడకండ్ల, పాలకుర్తి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇంట్లో పసిపిల్ల ఉంటే తాత చుట్ట పట్టుకొని అరుగు మీదికి వస్తాడు. అరుగు మీద తనకన్నా పెద్దమనిషి కూర్చొని ఉంటే ఇంకాస్త దూరం, వేపచెట్టు కిందికి పోతాడు. బీడీ ముట్టించిన కుర్రాడికి కాక వరుసైనవాడు ఎదురొస్తే ఆ బీడీ చప్పున వీపు వెనక్కి పోతుంది. ఇది ఎవరూ బోర్డు రాసి పెట్టింది కాదు, జరిమానా వేసేవాడూ లేడు. ఇంట్లో వద్దు, బయట తాగితే ఎవరికీ ఇబ్బంది లేదు అన్నది మన పెద్దలు పాటించే లెక్క.

సింగపూర్‌లో ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. సొంత ఫ్లాట్ లోపల పొగ తాగితే చట్టం ఏమీ అనదు. తలుపు తీసుకొని కారిడార్‌లోకి వచ్చి ముట్టిస్తే నేరం. ఇంట్లోవాళ్ల మీద ప్రేమతో గడప దాటే మనిషే ఇక్కడ దొరికిపోతాడు. భవనాల నిర్వహణ నా ఉద్యోగం. పొగ మీద వచ్చే ఫిర్యాదులు చదవడం, రెండు వైపులవాళ్లతో మాట్లాడడం అందులో భాగం. అందుకే ఇక్కడి మన సంఘం కమిటీవాళ్లు ఈ వ్యాసం నన్ను రాయమన్నారు. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, ఈ మంట మా ఇంటిదాకా కూడా వచ్చింది.

మా పాప పుట్టాక బాపు ఊరి నుంచి వచ్చాడు. నలభై ఏళ్లుగా బీడీ అలవాటున్న మనిషి. పాప ఉన్న ఇంట్లో బీడీ తీయనుగాక తీయనని మొదటిరోజే చెప్పాడు. తెల్లవారుజామున అందరం నిద్రలో ఉండగా చప్పుడు కాకుండా తలుపు తీసుకొని, మెట్ల మలుపు దగ్గర కిటికీ పక్కన నిలబడి తాగేవాడు. అక్కడ గాలి బాగా ఆడుతుంది, ఎవరూ తిరగరు, అందుకని ఆ చోటు ఎంచుకున్నాడు. ఎవరో ఫిర్యాదు చేశారు. ఒకరోజు పొద్దున యూనిఫాం వేసుకున్న అధికారి ఆయనను మా తలుపు దగ్గరికి తీసుకొచ్చి, పాస్‌పోర్టు చూపించమని అడిగాడు. 200 డాలర్ల జరిమానా పడింది. డబ్బు కన్నా బాపును కుంగదీసింది వేరే ఉంది. "పసిపిల్లకు పొగ తాకొద్దనే బయటికి వస్తిని గద బిడ్డా. గిది తప్పెట్లయితది?" అన్నాడు. ఊళ్లో నలుగురికి మంచీచెడూ చెప్పే మనిషి, ఆ తరవాత రెండు వారాలు లిఫ్ట్‌లో ఎదురైనవాళ్ల ముఖం చూడలేకపోయాడు.

ఆయన తప్పుగా ఆలోచించలేదు. ఫిర్యాదు చేసినవాళ్లదీ తప్పు లేదు. మెట్ల దారి గొట్టంలా పనిచేస్తుంది. నాలుగో అంతస్తులో వదిలిన పొగ పైకి లేచి, తలుపు సందుల్లోంచి ఏడో అంతస్తు ఇంట్లోకి పోతుంది. ఆ ఇంట్లో ఉబ్బసం ఉన్న ముసలావిడ ఉండవచ్చు. ఇతరుల పొగ పీల్చడంలో ఇంతవరకు పర్వాలేదు అనదగ్గ మోతాదే లేదని అమెరికా సర్జన్ జనరల్ 2006లోనే నివేదిక ఇచ్చారు.

మన కుటుంబాలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే కాబట్టి ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సంస్థ) బ్లాకుల్లో కారిడార్, మెట్లు, వాయిడ్ డెక్ (బ్లాకు కింద గోడలు లేని ఖాళీ అంతస్తు), లిఫ్ట్ లాబీ అన్నీ నిషేధం కిందికే వస్తాయి. 2013 జనవరి 15 నుంచి ఇదే నియమం. బ్లాకు నుంచి బస్టాపు దాకా పైకప్పు వేసిన నడకదారి ఉంటుంది కదా, అదీ నిషేధమే. వాన పడుతోందని దాని కింద నిలబడి ముట్టించేవాళ్లను చాలామందిని చూశాను. బస్టాపుకు చుట్టూ 5 మీటర్లు వదలాలి. జనం రాకపోకలు సాగించే భవనాల ద్వారాల దగ్గరా అంతే. 5 మీటర్లంటే ఆరేడు పెద్ద అంగలు. అంగలు వేసి చూపిస్తే పెద్దవాళ్లకు సులువుగా అర్థమవుతుంది, మీటర్లు చెబితే తలాడిస్తారు గానీ మనసుకు ఎక్కదు. ఆట స్థలాలు, వ్యాయామం చేసే చోట్లు, మార్కెట్లు, ఆసుపత్రుల ఆవరణలు ఎప్పటినుంచో జాబితాలో ఉన్నాయి. 2022 జూలై 1 నుంచి పార్కులన్నీ, జనం సేదదీరే బీచ్‌లూ చేరాయి. చెట్టు కనబడగానే అటు నడవడం మన పెద్దల అలవాటు. ఇక్కడ ఆ చెట్టు పార్కుదైతే చిక్కే. ఆర్చర్డ్ రోడ్‌లో 2019 నుంచి గుర్తించి పెట్టిన చోట్లలో తప్ప ఇంకెక్కడా ముట్టించకూడదు.

మరి ఎక్కడ తాగాలి? పైకప్పు లేని, పార్కు కాని, బస్టాపుకూ ద్వారాలకూ దూరమైన ఆరుబయలు. కొన్ని పేటల్లో పొగ తాగేవాళ్ల కోసం ప్రత్యేకంగా చోట్లు కట్టారు. మీ బ్లాకు దగ్గర అలాంటి చోటు ఎక్కడుందో ముందే చూసుకొని, అమ్మానాన్నలు వచ్చిన మొదటి సాయంత్రమే వెంట తీసుకెళ్లి చూపించండి. నోటితో చెబితే సరిపోదు. భాష రాని చోట, బోర్డు చదవలేని చోట, చేయి పట్టుకొని చూపించిన దారే గుర్తుంటుంది. అక్కడికక్కడ పడే జరిమానా 200 డాలర్లు. కోర్టుకు వెళితే 1000 డాలర్ల దాకా పోవచ్చు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పీకది. ఊళ్లో బీడీ పీకను చెప్పు కింద నలిపితే దాని కథ అక్కడికి అయిపోయింది. ఇక్కడ పన్నెండో అంతస్తు కిటికీలోంచి విసిరిన పీక కింది ఇంటివాళ్లు కర్రల మీద ఆరేసిన బట్టల మీద పడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. పైనుంచి చెత్త వేసేవాళ్లను పట్టుకోవడానికి ఎదురు బ్లాకుల్లో కెమెరాలు పెడతారు. 2023 జూలై 1 నుంచి చట్టం ఇంకా గట్టిపడింది. పీక ఏ ఫ్లాట్ నుంచి పడిందో తేలితే చాలు, వేరే రుజువు చూపించేదాకా ఆ ఫ్లాట్ యజమానో అద్దెకున్నవాళ్లో వేసినట్టే భావిస్తారు. అంటే మామయ్య వేసిన పీకకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది కోడలు కావచ్చు, మీ గదిలో ఉండే స్నేహితుడు వేసినదానికి మీరు కావచ్చు. నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకుండే ఇళ్లలో, ఒప్పందం మీద ఎవరి పేరుంటే వాళ్లు ఈ సంగతి మొదటిరోజే మిగతావాళ్లతో మాట్లాడుకోవాలి. మూతున్న చిన్న రేకు డబ్బాలో కాస్త ఇసుక పోసి కిటికీ దగ్గర పెడితే ఇంత తలనొప్పి తప్పుతుంది.

రెండో వైపు గురించీ చెప్పాలి. మా కిటికీలోకి కింది ఇంటి పొగ వచ్చిన కాలమూ ఉంది. పాప గదిలో రాత్రంతా కిటికీ మూసి, ఫ్యాను తిప్పి, ఉక్కపోతలో కూర్చున్నాం. ఆయన తన ఇంట్లో తాను తాగుతున్నాడు, చట్టం ఆయన పక్కనే ఉంది. కిటికీల దగ్గర, బాల్కనీల్లో పొగ తాగడాన్ని నిషేధించాలని 2020 అక్టోబరులో లూయిస్ ఎంగ్ అనే సభ్యుడు సింగపూర్ పార్లమెంటులో ప్రస్తావించాడు. ఇంటి లోపలి సంగతికి రుజువు తేవడం కష్టమని, జనం ఏకాంతానికి భంగమని ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఉద్యోగరీత్యా ఈ గొడవలు చూసే నాకు ఆ జవాబులో ఇబ్బంది అర్థమవుతుంది. బిడ్డ తండ్రిగా మాత్రం ఆ జవాబు నాకు చాలలేదు.

ఆ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. చైనీస్ పెద్దాయన, మా బాపు వయసువాడు. మా పాపను ఎత్తుకొని వెళ్లాను, కోపంగా ఒక్కమాట అనలేదు. ఏ వేళల్లో పాప పడుకుంటుందో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ వేళల్లో వంటింటి వైపు కిటికీ దగ్గర తాగుతానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. అందరికీ ఇలాగే కుదురుతుందని అనను. కుదరనప్పుడు కమ్యూనిటీ మీడియేషన్ సెంటర్ ఉంది. అక్కడ మధ్యవర్తి ఎదుట ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే 2015లో ఏర్పడిన ఇరుగుపొరుగు తగాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. శబ్దం, వాసన, పొగ, వెలుతురు ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి, 20,000 డాలర్ల దాకా నష్టపరిహారం అడగవచ్చు. అయితే తేదీలు, వేళలు రాసి పెట్టుకున్న పుస్తకం లేకుండా అక్కడికి వెళ్లి ప్రయోజనం లేదు. మన కులపెద్దలూ ఊరిపెద్దలూ రచ్చబండ దగ్గర తీర్పు చెప్పేటప్పుడు ముందు ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టేవారు. ఆ పద్ధతి తెలిసిన ఊళ్ల నుంచి వచ్చాం. ఫోటో తీసి వాట్సాప్ గుంపులో పెట్టడం కన్నా ముందు తలుపు తట్టడం మనకు ఎక్కువ తగుతుంది.

పొగ తాగేవాళ్లను చులకనగా చూడడం మన సంఘంలో ఈమధ్య కనిపిస్తోంది. అది నాకు నచ్చదు. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం అడవుల్లో, ములుగు, భూపాలపల్లి వైపు ఎండాకాలం వచ్చిందంటే తునికాకు పని మొదలవుతుంది. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో అప్పజెబుతారు. వానాకాలం పెట్టుబడికి ఆ డబ్బే ఆధారమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఆడవాళ్లు ఆ ఆకుతోనే బీడీలు చుట్టి పిల్లలను చదివించారు. ఆ పిల్లల్లో కొందరు ఇవాళ సింగపూర్‌లో ఇంజినీర్లు. బీడీ మనల్ని పోషించింది, మన ఊపిరితిత్తులనూ తినేసింది. రెండూ నిజమే. కాబట్టి అలవాటు ఉన్న పెద్దాయనతో నియమం చెప్పేటప్పుడు గౌరవం తగ్గకుండా చెబుదాం.

నియమం మన దేశానికీ కొత్త కాదు. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం భారతదేశమంతటా అమల్లోకి వచ్చింది. జరిమానా 200 రూపాయలు. సింగపూర్ 1970లోనే బస్సుల్లో, సినిమా హాళ్లలో ఆపింది. ఐర్లండ్ 2004లో పబ్బుల్లోనూ ఆపింది. మన వైపు 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్లే వందే భారత్ రైల్లో ఒకాయన మరుగుదొడ్డిలో సిగరెట్ ముట్టిస్తే, మంటలార్పే పొడి తనంతట తాను చిమ్మింది. జనం హడలిపోయి మనుబోలు దగ్గర రైలు ఆపేశారు. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రాలను నిషేధించింది. మళ్లీ సింగపూర్‌కు వస్తే, ఇక్కడి సెంబవాంగ్ పార్కులో బతుకమ్మ ఆడేటప్పుడు వేలమంది మనవాళ్లు చేరతారు. తెల్లవారి చూస్తే నేల మీద రాలిన తంగేడు రేకులే కనిపించాలి, ఒక్క పీక కూడా కనిపించకూడదు. మన పిల్లలు ఆ శుభ్రతను బతుకమ్మ పాటతో పాటే నేర్చుకోవాలని నా కోరిక. పెద్దలను చూసి బీడీ దాచిన ఊరి పిల్లలం, ఇరుగుపొరుగును చూసి పక్కకు జరగడం మనకు కష్టమేమీ కాదు.

కుర్రాళ్లకు ఒక్కమాట. వేప్ పరికరం ఇక్కడ 2018 ఫిబ్రవరి నుంచి దగ్గర ఉంచుకున్నా నేరమే. 2025 సెప్టెంబరు 1 నుంచి శిక్షలు పెరిగాయి. పాస్ (ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లు మళ్లీ పట్టుబడితే పాస్ రద్దయి ఇంటికి పంపే దాకా పోవచ్చు. మన దేశంలోనూ 2019 నుంచి ఇ-సిగరెట్ల అమ్మకం నిషేధం. స్నేహితుడిది, ఒక్కసారి పట్టుకున్నాను అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇక మూట కట్టే సంగతి. దసరాకు వచ్చే అమ్మానాన్నలకు టికెట్ పంపిన రోజే ఫోన్‌లో ఇది చెప్పండి. సిగరెట్లకూ బీడీలకూ సింగపూర్‌లో ఉచిత కోటా అన్నదే లేదు. తెరిచిన ప్యాకెట్‌లో ఒక్క సిగరెట్ ఉన్నా కస్టమ్స్ రెడ్ చానల్‌లోకి వెళ్లి చెప్పాల్సిందే. ఖైనీ, గుట్కా, జర్దా, ముక్కుపొడి 2016 ఆగస్టు 1 నుంచి పూర్తిగా నిషేధం, సుంకం కడతామన్నా ఒప్పుకోరు. అమ్మమ్మల నడుము సంచిలో ఉండే నశ్యం డబ్బీని మనం డబ్బీగా కూడా గమనించం, ఆకూవక్కలతో కలిసి అదీ వచ్చేస్తుంది. అలవాటు వాళ్లది కాబట్టి సంచి వాళ్ల ఎదుటే విప్పి చూడమని ఊళ్లో ఉన్న తమ్ముడికో చెల్లెకో చెప్పండి. ఇంకొకరి కోసం తెచ్చే పొట్లం ఉంటే మరీ జాగ్రత్త. సర్వపిండి, సకినాలు, మామిడికాయ తొక్కు డబ్బాల మధ్య "మావాడికి ఇయ్యుండ్రి" అని పక్కింటివాళ్లు ఇచ్చిన కవరులో ఏముందో తెరిచి చూశాకే పెట్టెలో పెట్టమనండి. చాంగీ విమానాశ్రయంలో పెట్టె తెరిచినప్పుడు అది ఎవరి పొట్లమని అడిగితే, దాన్ని మోసుకొచ్చిన మనిషే జవాబు చెప్పుకోవాలి.