రూట్ కెనాల్ అంటే భయమా? ఈ అపోహలతో వాయిదా వేస్తే పన్నే పోవచ్చు

రాత్రంతా సలిపిన పన్ను తెల్లారేసరికి ఒక మాత్రతో ఊరుకుంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకున్నవాళ్లు ఆ మాటే మరిచిపోతారు. ఒకవేళ వెళ్లి, డాక్టర్ ‘రూట్ కెనాల్ చేయాలి’ అన్నారంటే ఇంటాబయటా తలా ఒక సలహా. ‘ఆ నొప్పి భరించలేవు’, ‘డబ్బు దండగ’, ‘పీకించేసుకుంటే పీడా పోతుంది’. ఇవన్నీ విని నెలల తరబడి ఆగితే, కాపాడుకోగలిగిన పన్ను కూడా పీకించుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. ఇంతకీ ఈ మాటల్లో నిజమెంత?

అసలు ఏం చేస్తారు?

పేరు విని పంటి వేళ్లు తీసేస్తారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పంటి పైన గట్టి ఎనామిల్, దాని కింద డెంటిన్, నడుమ పల్ప్ అనే మెత్తటి భాగం ఉంటాయి. నరాలు, రక్తనాళాలు ఉండేది ఈ పల్ప్‌లోనే. ఇది సన్నటి కాలువల్లో వేళ్ల చివరి దాకా ఉంటుంది. పిప్పి లోతుగా వెళ్లినా, దెబ్బ తగిలి పన్ను విరిగినా బ్యాక్టీరియా అక్కడికి చేరి పల్ప్ వాస్తుంది. చుట్టూ గట్టి గోడలే కాబట్టి వాపు వ్యాపించడానికి చోటు ఉండదు. పంటి నొప్పి అంత తీవ్రంగా ఉండటానికి కారణం ఇదే.

రూట్ కెనాల్‌లో పన్ను మీద చిన్న రంధ్రం చేసి పాడైన పల్ప్‌ను తీసేస్తారు. కాలువలను సన్నటి ఫైల్స్‌తో శుభ్రం చేసి, క్రిములను చంపే ద్రావణంతో కడుగుతారు. తర్వాత గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపి మూసేస్తారు. ముందు పళ్లకు సాధారణంగా ఒకటే కాలువ ఉంటుంది. దవడ పళ్లకు మూడు, నాలుగు దాకా ఉండొచ్చు. అందుకే ఏ పన్ను అనేదాన్ని బట్టి సమయం, ఖర్చు మారతాయి.

‘చాలా నొప్పి పుడుతుంది’

మీరు అప్పటికే పడుతున్న నొప్పిని తగ్గించేందుకే ఈ చికిత్స. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాకే పని మొదలుపెడతారు. అయితే ఇన్ఫెక్షన్ ముదిరిన చోట మత్తు సరిగా పట్టకపోవచ్చు. అలాంటప్పుడు డాక్టర్ మరో డోసు ఇస్తారు, లేదా మరో చోట ఇంజెక్షన్ చేస్తారు. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తి చెప్పండి, ఓర్చుకోవాల్సిన పని లేదు. చికిత్స తర్వాత కొద్ది రోజులు నమిలేటప్పుడు కాస్త నొప్పి ఉండటం మామూలే.

‘నొప్పి తగ్గింది కదా, ఇక అక్కర్లేదు’

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. చన్నీళ్లు, వేడి టీ తాకితే జివ్వుమనే పన్ను ఉన్నట్టుండి ఏ బాధా లేకుండా పోయిందంటే, అది నయమైందని కాదు. లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ మాత్రం వేళ్ల చివర నుంచి దవడ ఎముకలోకి పాకుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు చిగురు మీద చీము పొక్కు రావడమో, ముఖం వాయడమో జరుగుతుంది.

‘మందుల షాపులో యాంటీబయాటిక్ వాడితే సరిపోతుంది’

మందు రక్తం ద్వారా పని చేస్తుంది. చచ్చిపోయిన పల్ప్‌లోకి రక్తమే వెళ్లదు, ఇక మందు చేరేదెలా? అందుకే చాలా సందర్భాల్లో యాంటీబయాటిక్ ఒక్కటే చికిత్స కాదు. జ్వరం వచ్చినప్పుడో, వాపు వ్యాపిస్తున్నప్పుడో డాక్టర్ రాసిస్తారు. అయినదానికీ కానిదానికీ వాడితే అవసరమైన రోజున ఆ మందు పని చేయకుండా పోయే ప్రమాదం ఉంది. లవంగ నూనె కాసేపు ఉపశమనం ఇస్తుంది, అంతవరకే. నొప్పి మాత్రను చిగురు మీద పెడితే అక్కడ కాలి పుండవుతుంది. పొగాకు దట్టించడం అంతకంటే హానికరం.

‘పీకించుకుంటే చౌక’

ఆ రోజుకు చౌకే. ఖాళీ అలాగే వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో జరుగుతుంది. ఆ ఖాళీ నింపాలంటే బ్రిడ్జో, ఇంప్లాంటో పెట్టించాలి. ఆ ఖర్చు మామూలుగా రూట్ కెనాల్‌ను మించిపోతుంది. అలాగని ప్రతి పన్నునూ కాపాడలేరు. వేరు నిలువునా చీలినా, క్యాప్ నిలిచేంత పన్ను మిగలకపోయినా పీకడమే సరైన మార్గం.

‘పై పన్ను జోలికెళితే చూపు తగ్గుతుంది’

మన ఊళ్లలో బాగా వినిపించే మాట ఇది. పళ్లకు స్పర్శ, నొప్పి తెలిపే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్నుకు చికిత్స చేసినా, పీకినా చూపు తగ్గదు.

‘క్యాన్సర్ వస్తుంది’

ఈ ప్రచారానికి మూలం వందేళ్ల నాటిది. అమెరికా డెంటిస్ట్ వెస్టన్ ప్రైస్ చికిత్స చేసిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి ప్రయోగాలు చేసి, ఒంట్లోని ఎన్నో జబ్బులకు ఆ పళ్లే కారణమన్నారు. తర్వాతి పరిశోధనల్లో అది నిలవలేదు. 1951లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రిక ఒక సంచిక మొత్తాన్ని ఈ అంశానికే కేటాయించి, ఆ వాదనకు ఆధారం లేదని చెప్పింది. ఇదే వాదనతో వచ్చిన ‘రూట్ కాజ్’ డాక్యుమెంటరీని విమర్శల తర్వాత 2019లో నెట్‌ఫ్లిక్స్ తొలగించింది.

‘ఒకసారి చేయిస్తే ఇక చూసుకోనక్కర్లేదు’

పల్ప్ పోయినా పన్ను పిప్పి పట్టకుండా ఉండదు. అప్పటికే చాలా భాగం తొలిచేసి ఉంటారు కాబట్టి నమిలే పన్ను విరిగే ప్రమాదమూ ఎక్కువ. అందుకే దవడ పళ్లకు సాధారణంగా క్యాప్ వేయించుకోవాలంటారు. నొప్పి పోయిందని క్యాప్ మానేసి, పన్ను విరిగాక మళ్లీ వచ్చేవాళ్లుంటారు. కొన్నిసార్లు ఇన్ఫెక్షన్ తిరగబెట్టి రెండోసారి చికిత్స అవసరం కావచ్చు.

గర్భిణులు చికిత్సకు భయపడనక్కర్లేదు. నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన సమయం. ఇన్ఫెక్షన్ ఉంటే అప్పటిదాకా ఆగకుండా డాక్టర్‌ను అడగాలి. షుగర్ ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఆ మందులను మీ అంతట మీరే ఆపొద్దు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారా?

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌తో పాటు విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ ఈ చికిత్స చేసేది కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్ విభాగం. డెంటల్ కాలేజీల్లో విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. రద్దీ వల్ల మూడు నాలుగుసార్లు తిరగాల్సి రావొచ్చు, సెలవు అందుకు తగ్గట్టు చూసుకోండి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో డెంటల్ డాక్టర్ ఉన్నా రూట్ కెనాల్ పరికరాలు అన్నిచోట్లా ఉండవు. ఓపీ చీటీ తీసుకునేటప్పుడే అడగండి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ ఫీజులు సాధారణంగా క్లినిక్‌ల కంటే తక్కువే.

ఎక్కడికెళ్లినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఎక్స్‌రేలో ఏం కనిపించింది? ఎన్నిసార్లు రావాలి? క్యాప్ ఖర్చు ఇందులో కలిసే ఉందా? చేయించుకోకపోతే ఏమవుతుంది?

ఇక ముఖం వాపు గొంతు వైపు దిగుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగడం లేదా ఊపిరి పీల్చుకోవడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు. ఏ వేళైనా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. పంటి ఇన్ఫెక్షన్ ప్రాణాల మీదికి తెచ్చేది అప్పుడే.