కాయలో దూరకముందే పట్టాలి టమాట పురుగును

మెట్టుగూడ: రైల్వే క్వార్టర్ల పెరట్లోనైనా, తార్నాక మేడమీది కుండీలోనైనా, పల్లెలో బావి గట్టునైనా టమాటకు పెద్ద శత్రువు పచ్చపురుగే. శనగను, కందిని, పత్తిని తినేదీ ఇదే. తలను కాయలోకి దూర్చి, సగం ఒళ్ళు బయట పెట్టుకుని తింటుంది. ఒక్క కాయతో ఊరుకోదు, పక్క కాయకు పోతుంది.

2023 జూలైలో పలు నగరాల్లో కిలో టమాట 200 రూపాయలు దాటింది. అలాంటి రోజుల్లో పెరటి కాయకు చిల్లు పడితే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ కోపంలో పత్తికి కొట్టగా మిగిలిన మందు సీసా చేతికి తీసుకోవడమే ప్రమాదం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పైగా కాయ లోపలి పురుగుకు ఏ మందూ సరిగా అందదు. ఆ విషం చేరేది పిల్లల కంచంలోకే.

తల్లి పురుగు రాత్రిపూట లేత ఆకుల మీద, పూల దగ్గర ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. అది గసగసాల గింజ కన్నా చిన్నది. మూడు నుంచి అయిదు రోజుల్లో పిల్ల పురుగు వచ్చి, మొదట ఆకును గీకి తింటుంది. దాన్ని పట్టవలసింది అప్పుడే. పది మొక్కలున్న ఇంటికి పొద్దున్నే ఆకులు తిప్పి చూసి, పురుగులను ఏరి సబ్బు నీళ్ళలో వేస్తే చాలు. పొగాకు లద్దెపురుగు మాత్రం ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెట్టి గోధుమరంగు నూగు కప్పుతుంది. ఆ ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోయినట్టే. ఎదిగిన లద్దెపురుగు పగలు మట్టిలో దాక్కుంటుంది. రాత్రి టార్చిలైటుతో వెదకాలి.

యాభై గ్రాముల వేపపప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. చిన్న పురుగులకే ఇది పనిచేస్తుంది, ముదిరినవి లొంగవు.

పొలంలో వేసేవారికి బంతి మేలు. పచ్చపురుగు తల్లి బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. 25 రోజుల టమాట నారుతోపాటు 40 రోజుల బంతి నారు నాటితే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి. పదహారు సాళ్ళకు ఒక సాలు చాలు. మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలూ ఉన్నాయి. తార్నాకలోని ఐ.ఐ.సి.టి. ఇలాంటి వాసన పదార్థాలపై పరిశోధన చేసింది. నాలుగు కుండీలవారికి మాత్రం ఆ బుట్ట దండగ.

కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతూ నల్లబడి చచ్చిన పురుగు కనిపిస్తే తీసి పారేయకూడదు. అది వైరస్ రోగంతో చచ్చింది. మనుషులకు హాని లేని ఆ రోగం మిగతా పురుగులకూ అంటుకుంటుంది.