హాలీవుడ్ అడిగిన రంగు... ఇరవై ఏళ్ళకి వచ్చింది!

అభిమాన హీరో పుట్టినరోజు. కుర్రాళ్ళందరూ తలా కాస్త వేసుకుని ఫ్లెక్సీ వేయించారు. కంప్యూటర్ మీద డిజైన్ చేసినప్పుడు హీరోగారి చొక్కా చిలకపచ్చగా మెరిసిపోయింది. తీరా సెంటర్లో కట్టి చూస్తే... వాడిన తమలపాకు రంగు! మొహానికి దిద్దిన బంగారు ఛాయ కాస్తా పసుపు రాసినట్టు తయారైంది. డిజైన్ చేసినవాడు ప్రింటింగ్ అతన్ని తిట్టాడు. ప్రింటింగ్ అతను "మీరిచ్చిందే కొట్టాను బాబూ" అన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! ఇద్దరి మధ్యా ఉండాల్సిన పెళ్ళిళ్ళ పేరయ్య ఒకడు లేకపోవడమే అసలు చిక్కు.

ఆ పేరయ్య పేరు కలర్ మేనేజ్‌మెంట్. డబ్బు పోసి కొనే సాఫ్ట్‌వేర్లలోకి ఆయన 1990ల చివరికే వచ్చి కూర్చున్నాడు. కానీ పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వాడుకోగలిగే జింప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోకి ఆయన పూర్తిగా అడుగుపెట్టడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? ఆ కథ సినిమావాళ్ళతోనే మొదలైంది. అందులో మన హైదరాబాద్ కూడా ఓ సీన్‌లో కనిపిస్తుంది.

అంకెకి రంగు లేదు!

రీళ్ళ కాలంలో గెవాకలర్, ఈస్ట్‌మన్ కలర్, ఆర్వో కలర్ అని టైటిల్స్‌లో వేసేవారు, గుర్తుందా? పెద్దవాళ్ళనడిగినా చెబుతారు. నెగెటివ్ ల్యాబ్‌కి వెళ్ళాక గ్రేడింగ్ చేసేవారు ప్రతి షాట్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతుర్లు ఎంతెంత ఇవ్వాలో అంకెల్లో రాసుకునేవారు. ఆ అంకెల చీటీ పట్టుకెళ్ళి వేరే ల్యాబ్‌లో, వేరే ఫిల్మ్ మీద ప్రింట్ తీయించారనుకోండి... హీరోయిన్ చీర రంగు మారిపోతుంది. చీటీలో అంకె అదే. దాన్ని రంగుగా మార్చే యంత్రం వేరు, ఫిల్మ్ వేరు.

కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఇదే తంతు. బొమ్మలో ఒక్కో చుక్కకి మూడేసి అంకెలుంటాయి. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత. ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. ఆకుపచ్చ 255 అంటే "నీకున్న పచ్చదనమంతా చూపించు" అని తెరకి చెప్పడమే. ఒక్కో తెరకి ఒక్కో పచ్చదనం! టీవీల షాపులో ఒకే పాట ఇరవై తెరల మీద ఇరవై రకాలుగా కనిపించడం మీరు చూసే ఉంటారు.

అందుకని 1993లో ఆపిల్, అడోబ్, కోడక్, మైక్రోసాఫ్ట్ వగైరా ఎనిమిది కంపెనీలు కూడబలుక్కుని ఐ.సి.సి. అనే సంఘం పెట్టాయి. ప్రతి యంత్రానికీ ఒక జాతకం రాయాలి అన్నాయి. దానికే ప్రొఫైల్ అని పేరు. ఈ తెర 255 అంటే మనిషి కంటికి ఎలాంటి రంగు కనిపిస్తుంది, ఆ ప్రింటర్ ఎంత సిరా వేస్తే ఏ రంగొస్తుంది... అన్నీ కొలిచి అందులో రాస్తారు. ఇక పేరయ్య పని సులువు. అటు జాతకం, ఇటు జాతకం చూసి, రంగు అదే ఉండేలా అంకెల్ని మారుస్తాడు.

అన్ని జాతకాలూ కుదరవు లెండి! తెర వెలుతురుతో రంగులు కలుపుతుంది, ప్రెస్సు సిరాలతో కలుపుతుంది. తెర మీద మెరిసే చిలకపచ్చ మామూలు నాలుగు సిరాలకి అందదు. అప్పుడు రెండు దారులున్నాయి. రంగుల మధ్య పొత్తు చెడకుండా మొత్తం బొమ్మనే కాస్త తగ్గించడం ఒకటి. అందే రంగుల్ని అలాగే ఉంచి, అందనివాటిని మాత్రం దగ్గరి రంగుకి లాగడం రెండోది. మొహాలున్న ఫోటోకి ఏది, ముదురు రంగుల టైటిల్ అక్షరాలకి ఏది అన్నది డిజైనర్ తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఆ సంగతి ముందే తెర మీద చూపిస్తే ఫ్లెక్సీ ఖర్చు మిగులుతుంది కదా!

హాలీవుడ్ నుంచి కబురు

ఇప్పుడు కథలోకొద్దాం. 1995లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు జింప్ రాయడం మొదలెట్టారు. 1996లో లోకానికి వదిలారు. ఉచితమే కాదు, దాని కోడ్ కూడా ఇచ్చేశారు. అంటే వంటతో పాటు ఎలా వండారో రాసిచ్చి, కావాలంటే ఉప్పూ కారం మార్చుకోండి అన్నారన్నమాట! ఓపెన్ సోర్స్ అంటే అదే.

రెండేళ్ళు తిరిగేసరికి హాలీవుడ్ నుంచి పిలుపొచ్చింది. లాస్ ఏంజెలిస్‌లోని రిథమ్ అండ్ హ్యూస్ అనే గ్రాఫిక్స్ స్టూడియో, సిలికాన్ గ్రెయిల్ అనే మరో కంపెనీ 1998లో జింప్ మీద డబ్బు పెట్టాయి. గ్రాఫిక్స్ స్టూడియోలు అప్పుడప్పుడే లినక్స్ వైపు తిరుగుతున్నాయి. దాని మీద ఫోటోషాప్ నడవదు. ఫ్రేముల్లో తీగలు చెరపడానికి, మరకలు తుడవడానికి ఒక పనిముట్టు కావాలి.

కానీ జింప్‌కి ఒక్కో రంగులో 256 మెట్లే ఉన్నాయి. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు. చాలవా అనిపిస్తుంది! సూర్యాస్తమయం సీన్ తీసుకోండి. ఆకాశంలో నారింజ నుంచి నీలానికి రంగు నెమ్మదిగా జారాలి. ఆ జారుడులో పనికొచ్చే మెట్లు కొన్నే. పెద్ద తెర మీద వేస్తే ఆకాశం నిండా చారలు కనిపిస్తాయి. ఫిల్మ్ పట్టుకున్న వెలుగునీడలు 256 మెట్లలో ఇమడవు. 16 బిట్లకి వెళితే ఒక్కో రంగుకీ 65,536 మెట్లొస్తాయి.

అలా తయారైందే 'ఫిల్మ్ జింప్'. స్టూవర్ట్ లిటిల్, మొదటి హ్యారీ పోటర్, స్కూబీ డూ... ఈ సినిమాల పనిలో దాని చెయ్యి ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్ హాలీవుడ్ తెర మీద పని చేసింది!

వేరు కుంపటి

ఇక్కడే ట్విస్టు. ఆ 16 బిట్ల పని తిరిగొచ్చి అసలు జింప్‌లో కలవాలి కదా? కలవలేదు. పాత ఇంటికి అటకలు వేసే కంటే పునాది నుంచి కొత్తగా కడదాం అనుకున్నారు జింప్ వాళ్ళు. ఆ కొత్త పునాది పేరు జి.ఇ.జి.ఎల్. 2000 ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టింది కూడా రిథమ్ అండ్ హ్యూస్ వాళ్ళే... కాల్విన్ విలియమ్సన్, కారొలీన్ డాలోఫ్. ఇక ఫిల్మ్ జింప్‌ని 2002లో రాబిన్ రో అనే ఆయన చేతుల్లోకి తీసుకున్నాడు. 2003లో దానికి 'సినీపెయింట్' అని పేరు మార్చాడు. ఒక ఇంట్లో రెండు కుంపట్లు వెలిగాయి. ఐ.సి.సి. ప్రొఫైళ్ళని అర్థం చేసుకునే తెలివి జింప్ కంటే సినీపెయింట్‌కే ముందొచ్చింది.

కొత్త పునాది వేయడం సాంకేతికంగా సరైన పనే. కానీ పునాది ఆరేదాకా ఇంట్లోవాళ్ళు వానలో తడిశారు. ఆ మధ్య కాలంలో జింప్ నేర్చుకున్న ప్రతి కుర్రాడూ, ప్రతి అమ్మాయీ 256 మెట్ల మీదే కాలక్షేపం చేయాల్సొచ్చింది. ఈ లెక్క నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

ఈ నిరీక్షణలో ఆదుకున్న మనిషి మార్తి మరియా. స్పెయిన్ దేశస్థుడు. 1998లోనే 'లిటిల్ సి.ఎం.ఎస్.' అని ఒక చిన్న కోడ్ రాసి ఉచితంగా ఇచ్చాడు. రెండు జాతకాలు చూసి అంకెలు మార్చే పేరయ్య పని అంతా అదే చేస్తుంది. పేరుకే లిటిల్! ఓపెన్ సోర్స్ బొమ్మల సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి రంగుల లెక్క చేసి పెట్టేది అదే. 2007 అక్టోబర్‌లో వచ్చిన జింప్ 2.4 దాన్నే ఆసరా చేసుకుని కలర్ మేనేజ్‌మెంట్ తెచ్చింది. తెర ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, బొమ్మ ప్రొఫైల్ మార్చుకోవచ్చు, అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూడొచ్చు. అంతా బాగుంది కానీ కింద ఉన్నది మాత్రం ఆ పాత 256 మెట్లే!

పునాది మీద ఇల్లు నిలబడింది 2018 ఏప్రిల్‌లో, జింప్ 2.10తో. ఒక్కో రంగుకీ 32 బిట్ల దాకా వెళ్ళొచ్చు. కలర్ మేనేజ్‌మెంట్ పక్కన తగిలించిన సామానుగా కాకుండా సాఫ్ట్‌వేర్ గుండెలోకే చేరింది. 1998 నుంచి లెక్కేస్తే సరిగ్గా ఇరవై ఏళ్ళు!

ఇంకో తమాషా కూడా అందులోనే కుదిరింది. నల్ల చుక్క, తెల్ల చుక్క పక్కపక్కన పేర్చి దూరం నుంచి చూస్తే బూడిద రంగు కనిపిస్తుంది. ఆ రంగు అంకె ఎంత? 255లో సగం, 128 అంటారు మీరు. కాదు, 188! మామూలు ఫోటో అంకెలు వెలుతురుకి తిన్నగా పెరగవు. నీడల్లో ఎక్కువ మెట్లుండేలా వంపు తిప్పి రాసినవి. ఆ వంపు సంగతి పట్టించుకోకుండా ఎర్ర చీర అంచుని పచ్చ తోటలోకి మసకగా కలిపితే మధ్యలో మురికి గీత పడుతుంది. 2.10 వంపు విప్పి, అసలు వెలుతురు లెక్కలో కలపగలదు.

ఆస్కార్ రాత్రి

మరి మొదట డబ్బు పెట్టిన స్టూడియో ఏమైంది? రిథమ్ అండ్ హ్యూస్‌కి ముంబైలోనూ, మన హైదరాబాద్‌లోనూ శాఖలుండేవి. 'లైఫ్ ఆఫ్ పై'లో నడిసముద్రంలో పడవ మీద గాండ్రించిన పులి గుర్తుందిగా? ఆ సినిమా పనిలో హైదరాబాద్ శాఖ కళాకారులూ ఉన్నారు. 2013 ఫిబ్రవరిలో స్టూడియో దివాలా పిటిషన్ పెట్టింది. అదే నెల 24న ఆ సినిమాకే విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది! వేదిక మీద బిల్ వెస్టెన్‌హోఫర్ స్టూడియో కష్టాల సంగతి ఎత్తగానే 'జాస్' సినిమా సంగీతం మోగించి మాట కట్ చేశారు. హాలు బయట గ్రాఫిక్స్ కళాకారులు నిరసన చేస్తున్నారు. ఆ వారంలో లోకమంతటా వాళ్ళ ఫేస్‌బుక్ బొమ్మల స్థానంలో పచ్చ చతురస్రాలు వెలిశాయి. మేం లేకపోతే మీ సినిమాలో మిగిలేది ఈ పచ్చ తెరే అని చెప్పడం!

తర్వాత స్టూడియోని వేరే సంస్థ కొనుక్కుంది. వాళ్ళ సొంత సాఫ్ట్‌వేర్లు సామానుతో పాటే చేతులు మారాయి. జి.ఇ.జి.ఎల్. మాత్రం ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఏ వేలానికీ వెళ్ళలేదు. అయిదేళ్ళ తర్వాత 2.10లో పునాదిగా నిలబడింది అదే.

మరి మన ఫ్లెక్సీ?

2025 మార్చి 16న జింప్ 3.0 వచ్చింది. నాలుగు సిరాల లెక్కలో నేరుగా బొమ్మ గీసే పద్ధతి అందులోనూ లేదు. అది కావాలంటే 2006 నుంచీ క్రిటాలో ఉంది. కానీ 3.0లో సిరా ప్రొఫైల్ పెట్టుకుని, అచ్చు ఎలా వస్తుందో కిందున్న పట్టీలో ఒక్క నొక్కుతో చూసుకోవచ్చు. జెపెగ్, టిఫ్ ఫైళ్ళని సిరాల లెక్కలోనే తీసి ప్రెస్సుకి ఇవ్వొచ్చు.

అభిమాన సంఘాల డిజైనర్లు రెండు పనులు చేయాలి. తెరని కొలిచే చిన్న యంత్రం ఒకటి అయిదారుగురు కలిసి కొనుక్కుని, ఎవరి తెర జాతకం వాళ్ళు రాయించుకోవాలి. దానికి ఆర్గిల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇక రెండోది... ప్రింటింగ్ షాపుకి వెళ్ళినప్పుడు "మీ మెషీన్ ప్రొఫైల్ ఫైలు ఇస్తారా అన్నా?" అని అడగాలి. ఇస్తే సరే. ఇవ్వకపోతే మొత్తం ఫ్లెక్సీ కొట్టించే ముందు హీరోగారి మొహం, చొక్కా ఉన్న ముక్క మాత్రం అడుగు కొలతలో కొట్టించి, పగటి వెలుతుర్లో పట్టుకు చూడాలి.