గోదారి పాటకు గోదావరిఖని గొంతు

సెంటినరీ కాలనీ: పెళ్లి బరాతు కదిలిందంటే చాలు, సింగరేణి క్వార్టర్ల మధ్య ఇవాళ ముందుగా వినిపించేది డీజే మోత. ఒకప్పుడు ఆ చోటు డప్పుది. మంట వేసి, తోలు బిగిసేదాకా కాచి, ఓ దెబ్బ వేసి చూసుకుని గాని దరువు మొదలయ్యేది కాదు. ఇప్పుడు కీబోర్డు మీద మీట నొక్కితే అదే దరువు క్షణంలో పలుకుతోంది. మంట అక్కర్లేదు. కొట్టే మనిషీ అక్కర్లేదు. మరి గొంతు మాటేమిటి? ఈ ప్రశ్నకు బొగ్గుబాయిల ప్రాంతమే ఒక జవాబు ఇచ్చింది.

‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా నుంచి 2024 డిసెంబరులో అన్నిటికన్నా ముందు బయటికి వచ్చిన పాట ‘గోదారి గట్టు’. రాసింది భాస్కరభట్ల, బాణీ కట్టింది భీమ్స్ సిసిరోలియో. పాడినవారు ఇద్దరు. ఒకరు రమణ గోగుల, మరొకరు గోదావరిఖని ఆడబిడ్డ మధుప్రియ. సినిమా 2025 జనవరి 14న విడుదలైంది. పాట మాత్రం అంతకు నెలరోజుల ముందే ఊరూరా చేరిపోయింది.

ముందు పాటదే భారం

క్యాసెట్ల కాలంలో పాటలన్నీ ఒకేసారి దుకాణానికి వచ్చేవి. అటు వైపు, ఇటు వైపు తిప్పి విని, నచ్చిన పాట ఏదో జనమే తేల్చుకునేవారు. ఇప్పుడు ఒక్కో పాటనూ విడివిడిగా వదులుతున్నారు. అందులో మొదటి పాటకే భారం ఎక్కువ. అది జనం నోట పడితే తక్కినవాటికి దారి దొరుకుతుంది. పడకపోతే వెనక వచ్చే మంచి పాటలనూ అడిగేవారుండరు. కొత్త గాయకుల సొంత ఆల్బమ్‌కైనా, పెద్ద హీరో సినిమాకైనా ఇదే లెక్క.

రమణ గోగులకు ఈ సంగతి కొత్త కాదు. ఇంజనీరింగ్ చదివిన ఆయన సినిమాల్లోకి రాకముందే ‘మిస్టీ రిథమ్స్’ బృందంతో ‘ఆయే లైలా’ అనే పాప్ ఆల్బమ్ చేశారు. తానే బాణీ కట్టి తానే పాడే పద్ధతి ఆయనది. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో తెలుగు సినిమాకు వచ్చారు. ‘తమ్ముడు’ (1999), ‘బద్రి’ (2000) పాటలతో కుర్రకారును ఊపేశారు. ఆ తర్వాత చాలాకాలం పాటకు దూరంగా ఉండిపోయారు. అంత విరామం తర్వాత ఆయన గొంతు మళ్లీ వినిపించిన పాటలో జోడీ గొంతు ఖనిది కావడం విశేషం.

సభల్లో పదునెక్కిన గొంతు

మధుప్రియ పాట స్టూడియోలో పుట్టింది కాదు. చిన్న వయసులోనే ఆమె వేదికలెక్కి పాడిన ‘ఆడపిల్లనమ్మా’ తల్లుల చేత కంటతడి పెట్టించింది. ఆడపిల్ల పుట్టిందంటే ముఖం ముడుచుకునే ఇళ్లను ఆ పాట నిలదీసింది. తెలంగాణ ఉద్యమ సభల్లోనూ ఆమె పాడారు. మైదానంలో చివరి వరుసలో కూర్చున్న మనిషికీ మాట తెలియాలంటే గొంతు ఎలా విప్పాలో అక్కడే ఒంటబట్టింది. 2017లో ‘ఫిదా’ సినిమాలోని ‘వచ్చిండే’తో ఆ గొంతు తెలుగు నేలంతా పాకింది.

‘గోదారి గట్టు’ సినిమా కథ రాజమండ్రి వైపుది. ఆ ఊరికి ఎంతో ఎగువన, బొగ్గు పొరల మీదుగా సాగే గోదావరి ఒడ్డున పెరిగిన గొంతు ఆ పాటకు కుదిరింది. నది ఒక్కటే, యాసలు రెండు!

యంత్రానికి దొరకనిది

వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే ‘మిడి’ పద్ధతి 1983లో వచ్చింది. నాటి నుంచి పాట తయారీ తీరే మారిపోయింది. డప్పు దెబ్బను ఒకసారి రికార్డు చేసి పెట్టుకుంటే వెయ్యి పాటలకు వాడుకోవచ్చు. దీనివల్ల డప్పు కళాకారుల కూలి పోయిన మాట నిజం. ఇంకో పక్క, లక్షలు లేని ఇంటి పిల్లలకూ పాట చేసే అవకాశం చేతికి వచ్చిన మాటా నిజమే. ఇవాళ క్వార్టరులో కూర్చుని ఒక ఫోను, ఒక మైకుతో దరువు కట్టుకోవచ్చు.

అయితే ఆ దరువు అందరికీ దొరికేదే. అందరికీ దొరకనిది మాట, యాస, అనుభవం. తట్టా చెమ్మస్ పని, రాత్రి షిఫ్టుకు పోయిన తండ్రి కోసం తెల్లవారేదాకా తలుపు దగ్గర ఎదురుచూపు, ఓపెన్‌కాస్టుకు భూములిచ్చి ఊరు విడిచిన ముసలమ్మ గోడు... ఇవి ఏ కీబోర్డులోనూ ముందే నింపి రావు.

హక్కు మరవొద్దు

మొదటి పాట చేసే యువకులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పల్లె కళాకారులు చాలామంది ఏదో కొంత సొమ్ము పుచ్చుకుని పాటను వదిలేసుకున్నవారే. పాట కోట్లమందికి చేరినా రాసినవారి పేరు కూడా మిగలలేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమాకో రికార్డుకో పాటను ఇచ్చేసినా రాయల్టీలో సమాన వాటా రచయితకు, స్వరకర్తకు దక్కాలి. ఆ వాటాను ముందుగానే వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకోవాలి. పెద్దల దగ్గర నేర్చుకున్న పాటైతే వారి పేరు చెప్పి పాడాలి.

డప్పును కాచే మంటలు కాలనీలో తగ్గుతున్నాయి. గొంతును కాచే మంట మాత్రం ఇంకా ఆరలేదు. ఖని నుంచి ఒక గొంతు దారి చూపింది. రెండో గొంతు ఏ క్వార్టరు నుంచి వస్తుందో చూడాలి.