విద్యుత్ తీగల అయస్కాంత క్షేత్రాన్ని లెక్కించే విధానం: విత్తన ప్రయోగాలకు, పొలాలపై సాగే విద్యుత్ లైన్లకు అన్వయం

పరిచయం

విత్తనాలను నాటడానికి ముందు కొంతసేపు అయస్కాంత క్షేత్రంలో ఉంచితే మొలక శాతం, తొలిదశ పెరుగుదల మెరుగుపడతాయా అన్న అంశంపై అనేక దేశాలలో పరిశోధనలు జరిగాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో శనగ విత్తనాలపై 0 నుండి 250 మిల్లీటెస్లా వరకు, 1 నుండి 4 గంటల వ్యవధిలో జరిపిన ప్రయోగాలు వీటిలో ముఖ్యమైనవి. క్షేత్రం పెరిగిన కొద్దీ ఫలితం పెరుగుతుందన్న నియమమేదీ వాటిలో కనిపించలేదు. కొన్ని మోతాదులు మేలు చేశాయి, మరికొన్ని అంతగా చేయలేదు. అందువల్ల ఎరువు మోతాదును హెక్టారుకు ఇన్ని కిలోలని ఎలా నమోదు చేస్తామో, విత్తనం ఉన్న చోట క్షేత్రం ఎంతో కూడా అంత కచ్చితంగా నమోదు చేయవలసి ఉంటుంది. "విత్తనాలను తీగచుట్ట మధ్య ఉంచి 2 ఆంపియర్ల విద్యుత్తు పంపితిమి" అని మాత్రమే రాసిన సిద్ధాంత గ్రంథం ఆధారంగా మరొకరు ఆ ప్రయోగాన్ని పునరావృతం చేయలేరు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురయ్యే ప్రశ్న వేరు. పొలం మీదుగా పెద్ద లైను వెళ్లిన రైతు, దాని అయస్కాంత శక్తి వల్ల పైరు దెబ్బతింటుందా అని అడుగుతాడు. ఈ రెండు సందర్భాలకూ ఆధారం ఒకే నియమం, ఒకే గణితం. ఇంటర్మీడియట్ స్థాయి కలన గణితం ఇందుకు సరిపోతుంది.

బయో-సవర్ట్ నియమం

విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని కోపెన్‌హేగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ 1820 జూలైలో ప్రకటించాడు. అదే సంవత్సరం అక్టోబరులో పారిస్‌లో జాన్ బాప్తిస్త్ బయో, ఫెలిక్స్ సవర్ట్ అనే శాస్త్రజ్ఞులు పొడవైన నిటారు తీగ చుట్టూ ఈ ప్రభావం దూరానికి విలోమానుపాతంలో తగ్గుతుందని కొలతల ద్వారా చూపారు. తీగలోని ఒక్కొక్క అల్పాంశం ఎంత ప్రభావం చూపితే ఈ ఫలితం వస్తుందో లాప్లాస్ గణితపరంగా వివరించాడు. నేడు బయో-సవర్ట్ నియమంగా పిలిచేది ఈ అల్పాంశ రూపమే.

ఈ వ్యాసంలో క్షేత్రాన్ని (అయస్కాంత ప్రేరణను) 'క్షే' అని, విద్యుత్ ప్రవాహాన్ని 'ప్ర' అని, లంబదూరాన్ని 'దూ' అని, తీగచుట్ట వ్యాసార్ధాన్ని 'వ్యా' అని, చుట్ల సంఖ్యను 'చు' అని సూచిద్దాం. ప్రవాహాన్ని ఆంపియర్లలో, దూరాలను మీటర్లలో తీసుకుంటే క్షేత్రం మైక్రోటెస్లాలలో వస్తుంది. 1 మిల్లీటెస్లా 1000 మైక్రోటెస్లాలకు సమానం. పాత పరిశోధన పత్రాలలో కనిపించే 1 గాస్ 100 మైక్రోటెస్లాలకు సమానం.

నియమం ఇది:

అల్పాంశం కలిగించే క్షేత్రం = 0.1 × ప్ర × (అల్పాంశపు పొడవు) × (కోణపు సైన్) ÷ (అల్పాంశం నుండి బిందువుకు గల దూరపు వర్గం)

ఇక్కడ కోణం అనగా తీగ దిశకు, అల్పాంశం నుండి మనకు కావలసిన బిందువును కలిపే రేఖకు మధ్య కోణం. క్షేత్రపు దిశ ఈ రెండింటికీ లంబంగా ఉంటుంది. కుడిచేతి బొటనవేలిని ప్రవాహ దిశలో ఉంచి తీగను పట్టుకున్నట్లు ఊహిస్తే మిగిలిన వేళ్లు ముడుచుకునే దిశయే క్షేత్ర దిశ. ఒంటరి అల్పాంశాన్ని ప్రయోగశాలలో కొలవలేము. తీగ అంతటా ఉన్న అల్పాంశాల ప్రభావాలను కూడితేనే కొలవదగిన రాశి వస్తుంది. ఈ కూడికయే సమాకలనం.

నిటారు తీగ

బిందువు నుండి తీగకు లంబం గీద్దాం. దాని పొడవు 'దూ'. లంబపాదం నుండి అల్పాంశం ఎంత దూరంలో ఉందో దానిని పొడవుగా కాక, బిందువు వద్ద లంబంతో చేసే కోణంగా వ్యక్తపరిస్తే లెక్క సులభమవుతుంది. అప్పుడు మూడు మార్పులు జరుగుతాయి:

1. లంబపాదం నుండి అల్పాంశానికి దూరం = దూ × టాన్జెంట్. దీనిని అవకలనం చేస్తే, అల్పాంశపు పొడవు = దూ × సీకెంట్ వర్గం × కోణపు అల్ప మార్పు.
2. అల్పాంశం నుండి బిందువుకు దూరం = దూ × సీకెంట్. దాని వర్గం = దూ వర్గం × సీకెంట్ వర్గం.
3. నియమంలోని సైన్ ఈ కొత్త కోణానికి కొసైన్ అవుతుంది.

వీటిని నియమంలో ప్రతిక్షేపిస్తే లవంలోనూ హారంలోనూ ఉన్న సీకెంట్ వర్గాలు కొట్టివేయబడతాయి. మిగిలేది 0.1 × ప్ర ÷ దూ × కొసైన్ × కోణపు అల్ప మార్పు. కొసైన్ సమాకలనం సైన్ కనుక, తీగ రెండు కొసలు లంబానికి ఇరువైపులా చేసే కోణాలను మొదటి కోణం, రెండవ కోణం అనుకుంటే:

క్షే = 0.1 × (ప్ర ÷ దూ) × (మొదటి కోణపు సైన్ + రెండవ కోణపు సైన్)

తీగ చాలా పొడవైనదైతే రెండు కోణాలూ 90 డిగ్రీలకు చేరతాయి. సైన్‌ల మొత్తం 2 అవుతుంది. కనుక:

క్షే = 0.2 × ప్ర ÷ దూ

'చాలా పొడవు' అంటే ఎంత? బిందువు తీగ మధ్యభాగానికి ఎదురుగా ఉండి, తీగ పొడవు లంబదూరానికి 10 రెట్లు ఉంటే ఒక్కొక్క సైన్ విలువ 0.981. అనగా చిన్న సూత్రం వాడితే వచ్చే తేడా సుమారు 2 శాతం మాత్రమే. క్షేత్ర ప్రయోగాల కొలతలకు ఇది చాలును.

విత్తనాల పళ్లెం చుట్టూ చతురస్రాకారపు చట్రానికి తీగ చుట్టినప్పుడు పై సూత్రాన్నే నాలుగు భుజాలకూ వేరువేరుగా వాడి కూడవచ్చును. కేంద్రం వద్ద ఒక్కొక్క భుజానికి రెండు కోణాలూ 45 డిగ్రీలే. మొత్తం విలువ ఒక చుట్టుకు 1.13 × ప్ర ÷ (భుజపు పొడవు) అవుతుంది. భుజానికి సమానమైన వ్యాసం గల వృత్తాకారపు చుట్టు ఇచ్చే దానికంటే ఇది 10 శాతం తక్కువ.

వృత్తాకారపు తీగచుట్ట

వృత్తపు అక్షంపై ఉన్న బిందువు నుండి చూస్తే తీగలోని ప్రతి అల్పాంశమూ సమాన దూరంలో ఉంటుంది, ప్రతి కోణమూ 90 డిగ్రీలే. అక్షానికి అడ్డంగా ఉండే అంశాలు ఎదురెదురు అల్పాంశాల మధ్య రద్దవుతాయి. అక్షం వెంబడి ఉండే అంశాలు మాత్రమే కూడుకుంటాయి. అందువల్ల సమాకలనం వృత్త పరిధిని లెక్కించడంతో ముగుస్తుంది:

క్షే = 0.628 × చు × ప్ర × (వ్యా వర్గం) ÷ (వ్యా వర్గం + అక్షంపై దూరపు వర్గం) యొక్క ఒకటిన్నర ఘాతం

కేంద్రం వద్ద ఇది 0.628 × చు × ప్ర ÷ వ్యా అవుతుంది. కేంద్రం నుండి వ్యాసార్ధంలో నాలుగవ వంతు జరిగితే చాలు, క్షేత్రం దాదాపు 9 శాతం తగ్గుతుంది. ఒకే తీగచుట్టలో విత్తనాలను దొంతరగా పోస్తే పై వరుసకు ఒక మోతాదు, మధ్య వరుసకు మరొక మోతాదు అందుతాయి.

ఈ లోపాన్ని హెల్మ్‌హోల్ట్జ్ తీగచుట్టల జత సవరిస్తుంది. సమాన వ్యాసార్ధం, సమానమైన చుట్లు గల రెండు తీగచుట్టలను ఒకే అక్షంపై, వ్యాసార్ధానికి సమానమైన ఎడంలో అమర్చి ఒకే దిశలో ప్రవాహం పంపాలి. ఒకదాని క్షేత్రం తగ్గుతున్న చోట రెండవదాని క్షేత్రం పెరుగుతుంది. ఎడం వ్యాసార్ధానికి సమానమైనప్పుడు మధ్యబిందువు వద్ద మొత్తం క్షేత్రపు మొదటి, రెండవ, మూడవ అవకలజాలు మూడూ సున్నా అవుతాయి. మధ్యబిందువు వద్ద విలువ:

క్షే = 0.899 × (ఒక్కొక్క తీగచుట్టలోని చు) × ప్ర ÷ వ్యా

ఉదాహరణకు వ్యాసార్ధం 0.15 మీటరు, ఒక్కొక్క దానికి 100 చుట్లు, ప్రవాహం 2 ఆంపియర్లు అనుకుందాం. క్షేత్రం సుమారు 1200 మైక్రోటెస్లాలు, అనగా 1.2 మిల్లీటెస్లా. మధ్యబిందువు నుండి అక్షం వెంబడి ఇరువైపులా 3.75 సెంటీమీటర్ల వరకు తేడా అర శాతం లోపే. తీగచుట్టల తలాల వద్దకు చేరితే మాత్రం 5.4 శాతం తగ్గుతుంది. విత్తనాల గిన్నెను ఎక్కడ ఉంచాలో ఈ లెక్కయే చెబుతుంది. మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లాలుండే భూ అయస్కాంత క్షేత్రం ఈ మోతాదులో 3 శాతానికి పైబడి ఉంటుంది. కావున అక్షాన్ని ఏ దిక్కుగా అమర్చారో కూడా నమోదు చేయాలి.

వేడి అనే చిక్కు

శనగ ప్రయోగాలలో వాడిన 100 మిల్లీటెస్లా స్థాయిని ఇనుప గర్భం లేని తీగచుట్టతో సాధించగలమా? 0.1 మీటరు వ్యాసార్ధానికి కేంద్ర సూత్రం ప్రకారం చుట్ల సంఖ్యను ప్రవాహంతో గుణిస్తే దాదాపు 16,000 రావాలి. 500 చుట్లు వేస్తే 32 ఆంపియర్లు కావాలి. తీగ పొడవు 314 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగి తీగకు నిరోధం సుమారు 1.3 ఓమ్‌లు. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సుమారు 1350 వాట్ల వేడి పుడుతుంది. ఇది ఒక ఇస్త్రీ పెట్టె వేడికి ఏ మాత్రం తీసిపోదు. ఇందువల్లనే ఈ స్థాయి ప్రయోగాలకు ఇనుప గర్భం గల విద్యుదయస్కాంతాన్ని వాడతారు. ఇనుము ఉన్నచోట పై సూత్రాలు నేరుగా వర్తించవు, గాస్‌మీటరుతో కొలవవలసిందే.

తక్కువ స్థాయి ప్రయోగాలలోనూ ఈ చిక్కు పూర్తిగా తొలగదు. తీగచుట్ట మధ్యన ఉన్న విత్తనాల ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెరిగినా మొలకెత్తే వేగం మారవచ్చును. పోలిక కొరకు ఉంచిన విత్తనాలు గది ఉష్ణోగ్రత వద్ద ఉంటే, వేడి వల్ల వచ్చిన ఫలితాన్ని అయస్కాంతానికి ఆపాదించే ప్రమాదం ఉంది. దీనికి పరిష్కారం జంట తీగ చుట్టడం. రెండు తీగలను జతగా ఒకే చట్రానికి చుట్టి, ప్రయోగంలో వాటిలో ఒకే దిశలోను, పోలికలో ఎదురెదురు దిశలలోను ప్రవాహం పంపాలి. రెండింటిలోనూ వేడి సమానమే, కాని రెండవ దానిలో బయో-సవర్ట్ కూడిక దాదాపు సున్నా అవుతుంది. పోలిక అంటే ఇదే. జంట తీగ లేని చోట కనీసం విత్తనాల మధ్య ఉష్ణోగ్రతనైనా నమోదు చేసి, అదే ఉష్ణోగ్రత వద్ద పోలిక విత్తనాలను ఉంచాలి.

పొలం మీది విద్యుత్ లైను

ఒక్క తీగలో 500 ఆంపియర్లు ప్రవహిస్తుంటే 12 మీటర్ల దిగువన క్షేత్రం 0.2 × 500 ÷ 12, అనగా 8.3 మైక్రోటెస్లాలు. అయితే లైనులో మూడు ఫేజులు ఉంటాయి. ఒక్కొక్క ఫేజు ప్రవాహం మిగిలిన వాటికంటే 120 డిగ్రీల దశాభేదంతో ఉండి, ఏ క్షణంలోనైనా మూడింటి మొత్తం సున్నా అవుతుంది. కనుక మూడు క్షేత్రాలనూ దిశలను, దశలను పాటించి కూడాలి. ఒకే ఎత్తులో 8 మీటర్ల ఎడంతో మూడు తీగలు ఉన్నాయనుకుంటే మధ్య తీగ కింద 7.1 మైక్రోటెస్లాలు, పక్కకు 40 మీటర్లు జరిగితే 0.8 మైక్రోటెస్లా వస్తాయి. ఒక్క తీగయే అయితే ఆ దూరంలో 2.4 ఉండేది. దూరంగా వెళ్లిన కొద్దీ క్షేత్రం దూరానికి కాక, దూరపు వర్గానికి విలోమంగా తగ్గడమే ఈ తేడాకు కారణం. పంపుసెట్టు కేబులులో తీగలు కొద్ది మిల్లీమీటర్ల ఎడంలోనే ఉంటాయి కనుక మీటరు దూరంలో క్షేత్రం లెక్కలోకి రానంత స్వల్పం.

పై 7 మైక్రోటెస్లాలు విత్తన ప్రయోగాలలోని 100 మిల్లీటెస్లాలో 14,000వ వంతు. భూ క్షేత్రంలో ఐదవ వంతు కంటే తక్కువ. భూ క్షేత్రం స్థిరమైనది, లైను క్షేత్రం సెకనుకు 50 ఆవృత్తులతో మారేది అన్న భేదాన్ని మాత్రం చెప్పడం న్యాయం. మనుషుల విషయంలో అంతర్జాతీయ అయనీకరణేతర వికిరణ రక్షణ సంఘం 2010లో సాధారణ ప్రజలకు 50 ఆవృత్తుల వద్ద సూచించిన స్థాయి 200 మైక్రోటెస్లాలు.

రైతులతో మాట్లాడేటప్పుడు రెండు విషయాలను వేరు చేయాలి. లైను కింద ఇనుప కంచెను తాకినప్పుడు కలిగే చురుకు అయస్కాంత క్షేత్రం వల్ల కాదు, వోల్టేజిపై ఆధారపడే విద్యుత్ క్షేత్రం వల్ల. దానికి కంచెను భూమికి ఎర్తింగు చేయడమే మార్గం. ఇక ప్రాణాపాయం కలిగించేది తీగకు చేరువ కావడం. స్ప్రింక్లర్ల అల్యూమినియం పైపులను లైను కింద నిలువుగా ఎత్తరాదు. అటువంటి చోట నిచ్చెనలు వేయరాదు, ఎత్తుగా పెరిగే చెట్లు నాటరాదు. అయస్కాంతం గురించి అడిగిన రైతుకు ఈ హెచ్చరిక చెప్పకుండా పంపరాదు.

నమోదు చేయవలసిన అంశాలు

విత్తన ప్రయోగాలు చేసే విద్యార్థులు ఈ కింది వివరాలను తప్పక రాయాలి:

1. తీగచుట్ట ఆకారం, కొలతలు, చుట్ల సంఖ్య, ప్రవాహం, అది ఏకముఖమా ఏకాంతరమా అన్నది.
2. విత్తనాల స్థానంలో లెక్కించిన క్షేత్రం, గాస్‌మీటరుతో కొలిచిన క్షేత్రం, విత్తనాలు ఆక్రమించిన మేరలో దాని హెచ్చుతగ్గులు.
3. అక్షపు దిశ, గురిచేసిన వ్యవధి.
4. విత్తనాల తేమ శాతం, ప్రయోగ సమయంలో ఉష్ణోగ్రత.
5. పోలిక విత్తనాలను ఉంచిన విధానం.

ముగింపు

లెక్కించిన విలువ, కొలిచిన విలువ కొద్ది శాతం తేడాలో కలిస్తే మోతాదును నమ్మవచ్చును. కలవకపోతే చుట్ల లెక్కలోనో, ప్రవాహపు కొలతలోనో, సమీపంలో ఉన్న ఇనుప బల్లలోనో కారణాన్ని వెదకాలి. విత్తనాలు మొలిచిన తరువాత ఈ పొరపాటును సరిదిద్దే అవకాశం ఉండదు. అందువల్ల తీగ చుట్టడానికి ముందే కాగితంపై లెక్క పూర్తి కావాలి.